షోయబుల్లా ఖాన్ జీవితము

ఇరుగుపొరుగు రాజ్యములు పోరాడుచుండగా తాము ఏ పక్షమునందును లేమని చెప్పు దేశములు చరిత్రయందు పెక్కు గలవు. అట్టి దేశమున పత్రికల వారి ధర్మమేమి? మన హైదరాబాదు నగరమున నొక యువకుడు ఈ ప్రశ్నకు ప్రాణమొడ్డి సమాధానము చెప్పెను. ఆయన చరిత్రమును మా విద్యార్థుల కొఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

షోయబుల్లా ఖాన్ 1920వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన మహబూబాబాదు ప్రాంతమున జన్మించెను. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు ఉద్యోగి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొందిన పిమ్మట షోయబుల్లా ఖాన్ పత్రికారచనమునే వృత్తిగా గైకొనెను. తేజ్ అను ఉర్దూ పత్రికయందును, తరువాత మందుముల నరసింగరావు గారి రయ్యత్ పత్రికయందును పనిచేసెను. ఆ రెండును ప్రభుత్వాగ్రహమునకు గురియై నిలిచిపోయినవి.

1947 ఆగస్టులో భారతదేశము, పాకిస్తాను స్వతంత్రము లయ్యెను. నిజాము రెంటిలో దేనియందును చేరనని ప్రకటించెను. మన సాతంరాయి ప్రాంతము నాడు ఆయన రాజ్యములోనిదే. అక్టోబరులో కాశ్మీరమున యుద్ధము మొదలయ్యెను. నవంబరు 29వ తేదీన నిజాము భారత ప్రభుత్వముతో యథాతథపు ఒడంబడిక చేసికొనెను. కాని మాటయందలి తటస్థత చేతయందు కానరాలేదు. నిజాము ప్రభుత్వము పాకిస్తానుకు ఇరువది కోట్ల రూపాయలు అప్పిచ్చెను. 1948లో సిడ్నీ కాటన్ అను వైమానికుడు కరాచీనుండి రాత్రివేళ విమానములలో ఆయుధములు తెచ్చెను. కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు గ్రామములపై బడి దోచుకొనిరి. దక్కను రేడియోయు, ప్రభుత్వపక్షపు పత్రికలును హైదరాబాదు స్వాతంత్ర్యమునకు భంగము లేదని ప్రజలను నమ్మించుచుండెను.

ఇట్టి కాలమున, 1947 నవంబరు 15వ తేదీన, షోయబుల్లా ఖాన్ ఇమ్రోజ్ అను ఉర్దూ దినపత్రికను వెలువరించెను. ఆ పేరునకు 'నేడు' అని యర్థము. బూర్గుల రామకృష్ణారావు గారు ఆయనకు తోడ్పడిరి. పగలు నిజాము ప్రభుత్వము, రాత్రి రజాకార్ల ప్రభుత్వము నడచుచున్నవని ఆయన నిర్భయముగా వ్రాసెను. సంస్థానము భారతదేశమున చేరుటయే హిందువులకును ముస్లిములకును క్షేమమని వాదించెను. బెదిరింపు లెన్ని వచ్చినను కలము దింపలేదు. రజాకార్లను రద్దుచేసి భారతదేశమున చేరవలయునని 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను ఇమ్రోజ్ ప్రచురించెను. ముస్లిము లందఱును తమ వెనుకనే యున్నారను రజాకార్ల మాట దీనితో వట్టిదని తేలెను.

ఆ మాసము 21వ తేదీ రాత్రి, కార్యాలయమునుండి బావమరిది ఇస్మాయిల్ ఖానుతో ఇంటికి మరలుచుండగా, కాచిగూడయొద్ద దుండగులు ఆయనను కాల్చి, వ్రాసిన చేతిని నఱికిరి. అడ్డుపడిన ఇస్మాయిల్ ఖానును సైతము గాయపఱచిరి. 22వ తేదీ తెల్లవాఱకమున్నే షోయబుల్లా ఖాన్ మరణించెను. అప్పటికి ఆయనకు ఇరువదియెనిమిదేండ్లయినను నిండలేదు. నెల తిరుగకమున్నే, సెప్టెంబరు 17వ తేదీన, నిజాము భారతసేనకు లొంగిపోయెను. ఆయన కోరిన దినమును ఆయన చూడలేదు.

రాజ్యములు యుద్ధమున తటస్థముగా నుండవచ్చును. సత్యాసత్యముల నడుమ పత్రిక తటస్థముగా నుండరాదు. పరాయివారి తప్పు నెంచుట సులభము. తనవారి తప్పును తనవారికే చెప్పుట కష్టము. షోయబుల్లా ఖాన్ ఆ కష్టమైన పని చేసెను. మా బాలబాలికలు వార్త చదువునపుడెల్ల ఇది నిజమా యని విచారించి, నిజమని తెలిసినదానిని భయపడక పలుకుదురు గాక యని కోరుచున్నాము.