బైండింగ్‌ షాపు నుంచి ల్యాబ్‌కి

మన బ్రాంచ్‌కి కంపెనీలు రావట్లేదని దిగులుపడే జూనియర్లను చూస్తే నాకు మైకేల్‌ ఫారడే గుర్తొస్తాడు. ఫిజిక్స్‌లో ఇండక్షన్‌ లా చదువుకున్నాం కదా, ఆ ఫారడేనే. అతనికి డిగ్రీ లేదు. లెక్కలూ అంతంతమాత్రమే.

1791లో లండన్‌ దగ్గర ఓ కమ్మరి ఇంట్లో పుట్టాడు. పద్నాలుగో ఏట పుస్తకాల బైండింగ్‌ షాపులో అప్రెంటిస్‌గా చేరి ఏడేళ్లు చేశాడు. బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలన్నీ చదివేవాడు. కరెంటు గురించి మొదట తెలుసుకుంది అలా వచ్చిన ఎన్‌సైక్లోపీడియాలోనే. సాయంత్రాలు సైన్స్‌ ఉపన్యాసాలకు వెళ్లేవాడు. టికెట్‌ షిల్లింగు, ఇచ్చేది అన్నయ్య.

1812లో షాపు కస్టమర్‌ ఒకాయన ఇచ్చిన టికెట్లతో రాయల్‌ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. నోట్స్‌ రాసుకుని, ఇంటికొచ్చి నీటుగా తిరగరాసి, బొమ్మలు గీసి, చేతిలో ఉన్న పనే కాబట్టి తానే బైండ్‌ చేశాడు. దాదాపు 300 పేజీలు! ఉద్యోగం కోసం రాయల్‌ సొసైటీ ప్రెసిడెంట్‌కి ఉత్తరం రాస్తే జవాబే రాలేదు (మనకిదేం కొత్త కాదు). తర్వాత ఆ పుస్తకాన్ని డేవీకే పంపాడు. డేవీ పిలిచి మాట్లాడాడు గానీ ఖాళీ లేదు, బైండింగే చేసుకోమన్నాడు. కొన్నాళ్లకు ల్యాబ్‌ అసిస్టెంట్‌ గొడవపడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. డేవీకి ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. 1813 మార్చిలో ఫారడే చేరాడు. వారానికి 25 షిల్లింగులు, ఉండటానికి పైఅంతస్తులో రెండు గదులు.

నా లెక్కలో ఆ పుస్తకమే అతని రెజ్యూమె. శ్రద్ధగా వింటాడని, ఓపిగ్గా రాస్తాడని, చేతిపని శుభ్రంగా ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు. నేను మెకానికల్‌ చదివి సాఫ్ట్‌వేర్‌కి వచ్చాను. మొదటి ఏడాది నన్ను కాపాడింది కోడింగ్‌ కాదు, ల్యాబ్‌ రికార్డులు తిన్నగా రాసిన అలవాటు.

ఫారడే ఉద్యోగం వచ్చాక కూడా ఊరుకోలేదు. తన ఇంగ్లిష్‌ బాగోదని అతనికి తెలుసు. ఎడ్వర్డ్‌ మాగ్రాత్‌ అనే స్నేహితుడితో వారానికి రెండు గంటలు గ్రామర్‌, స్పెల్లింగ్‌ దిద్దించుకున్నాడు, అదీ ఏళ్ల తరబడి. డబ్బు కట్టి ఉపన్యాసం ఇవ్వడం నేర్చుకున్నాడు. మాట్లాడేటప్పుడు స్పీడు పెరిగితే తగ్గించమని గుర్తుచేసే కార్డు ఎదురుగా పెట్టించుకునేవాడు. ఆ మనిషే తర్వాత పిల్లల క్రిస్మస్‌ ఉపన్యాసాలకు పేరుమోశాడు.

1831లో ఇండక్షన్‌ కనిపెట్టాడు. లెక్కలు మాత్రం చివరిదాకా రాలేదు, అతను ఊహించిన బలరేఖలను సమీకరణాల్లో పెట్టింది మాక్స్‌వెల్‌. 1867లో ఫారడే చనిపోయేనాటికి అతని ల్యాబ్‌ డైరీలో వరుసగా నంబర్లు వేసిన పేరాలు 16 వేలు దాటాయి.