మార్జరీ స్టీఫెన్సన్

మార్జరీ స్టీఫెన్సన్ (జనవరి 24, 1885 - డిసెంబరు 12, 1948) బ్రిటిషు జీవరసాయన శాస్త్రవేత్త. బాక్టీరియాలోని హైడ్రోజినేజ్ అనే ఎంజైముకు ఆ పేరు పెట్టినవారిలో ఈమె ఒకరు.

ఈమె కేంబ్రిడ్జి సమీపంలోని బర్వెల్ గ్రామంలో జన్మించింది. న్యూన్‌హామ్ కళాశాలలో చదివింది. వైద్యవిద్య అభ్యసించాలని ఉన్నా ఆర్థిక ఇబ్బందుల వలన గృహవిజ్ఞానం బోధించవలసి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో రెడ్ క్రాస్ తరఫున ఫ్రాన్సు, సలోనికాలలో పనిచేసింది. యుద్ధానంతరం కేంబ్రిడ్జిలో హాప్కిన్స్ వద్ద పరిశోధనలో చేరింది.

1931లో ఈమె, లెనార్డ్ స్టిక్లండ్ కలిసి, కొన్ని బాక్టీరియాలు హైడ్రోజన్ వాయువును వాడుకొని మిథిలీన్ బ్లూ రంగును పోగొట్టగలవని చూపారు. ఈ పనిచేసే ఎంజైమునే హైడ్రోజినేజ్ అన్నారు. సాధారణంగా ఆక్సిజన్ తగిలితే హైడ్రోజినేజ్‌లు పనిచేయవు. అయితే కొన్ని తట్టుకుంటాయి. ఈమె పరిశోధించిన ఈ.కోలై బాక్టీరియాలోనే అటువంటిది ఒకటి ఉంది. దీనికి కారణం 2011లో వెలువడిన నిర్మాణ చిత్రాలతో తెలిసింది. నికెల్, ఇనుము ఉన్న క్రియాకేంద్రం పక్కన, మామూలుగా ఉండే నాలుగు గంధక పరమాణువులకు బదులు మూడే గల ఇనుము-గంధక గుచ్ఛం ఉంటుంది. ఆరు సిస్టీన్‌లు పట్టి ఉంచే ఈ గుచ్ఛం వెంటవెంటనే రెండు ఎలక్ట్రానులను అందించి, చొరబడిన ఆక్సిజన్‌ను నీరుగా మార్చడానికి తోడ్పడుతుంది.

1660లో స్థాపించిన రాయల్ సొసైటీ స్త్రీలను సభ్యులుగా ఎన్నుకున్నది 1945లోనే. ఆ మొదటి ఇద్దరిలో ఈమె ఒకరు, రెండవవారు కాథలీన్ లాన్స్‌డేల్. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం స్త్రీలకు పూర్తి సభ్యత్వం ఇచ్చిన 1948లోనే ఈమె మరణించింది.