డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

ధర్మపురిలో చలికాలపు రాత్రులందు గోదావరి యొడ్డున ఊరెల్ల నిద్రించుచుండగా, ఏదో యొక యింట దగ్గుచు, ఆయాసపడుచు, కూర్చుండియే తెల్లవార్చువాడొకడుండును. చూచువారు దానిని ఉబ్బసమందురు. కొందరు క్షయ యేమోయని భయపడుదురు. పసరులకును తాయెత్తులకును సొమ్ము వెచ్చించి అప్పులపాలైన కుటుంబములను మేమెరుగుదుము. ఇట్టి రోగులలో పెక్కుమందికి ఉన్నది ఉబ్బసమే. కొందరి యాయాసము మాత్రము దోమకాటువలన వచ్చినది. ఈ రెండవదానిని కొలది ఖర్చుతో కుదుర్చు మందును లోకమునకొసగిన పరిశోధకులకు నాయకుడు మన తెలుగువాడే. ఆయన చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపదలచితిమి.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో ఈయన నాలుగవవారు. తండ్రి అనారోగ్యముచే ఉద్యోగమును ముందుగనే విడిచినందున కుటుంబము కష్టములలో పడెను. బాలుడు రాజమహేంద్రవరమున చదువుచుండగా ఇంట రోగములును మరణములును సంభవించెను. చదువు కుంటుపడెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి కృతార్థుడయ్యెను. పరీక్ష తప్పినంతనే పుస్తకములు మూలబెట్టు బాలురు ఈ సంగతిని గుర్తుంచుకొందురుగాక.

పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలయందు చదివి, మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. గాంధీగారి పిలుపును మన్నించి శస్త్రచికిత్సాశాలలో సైతము ఖద్దరు ధరించుటచే ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహము కలిగెను. వ్రాతపరీక్షలందు చక్కగా నెగ్గినను, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కెను. ప్రభుత్వ వైద్యశాఖలో కొలువు దొరకలేదు. మద్రాసునందలి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు కాలము గడపిరి.

ఇంతలో 1921వ సంవత్సరమున పెద్దదెబ్బ తగిలెను. ఇద్దరు సోదరులు స్ప్రూ యను జీర్ణకోశవ్యాధిచే కొలదిదినముల వ్యవధిలో మరణించిరి. ఆనాడు దానికి సరియైన మందు లేదు. తెలియని రోగమునకు మందు వెదకుటయే తన జీవితకార్యమని ఆయన నిశ్చయించుకొనిరి. మామగారి సాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయముతోను అమెరికాకు పయనమైరి. భార్య శేషగిరిగారు ఇచ్చటనే నిలిచిపోయిరి. మరల వారిరువురును కలిసికొనలేదు.

బోస్టను నగరమున ఆయన చేత డబ్బు లేదు. ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పనివాడుగా పాత్రలు కడిగి, పగటివేళ హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుకొనిరి. శ్రమను చిన్నతనముగా ఎంచలేదు. ఫిస్కు అను పండితునితో కూడి రక్తమునందలి ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని 1925లో వెల్లడించిరి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అను పదార్థములపై వారు చేసిన పరిశోధన వైద్యశాస్త్రమున చిరస్థాయియైనది. 1930లో డాక్టరు పట్టము లభించెను. అయినను హార్వర్డులో స్థిరమైన పదవి లభింపకపోగా, 1940లో లెడర్లీ అను మందుల కర్మాగారమున పరిశోధనశాఖలో ప్రవేశించి, అనంతరము దానికి అధిపతియైరి. ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్ మున్నగు మందులు ఆ శాఖనుండి వెలువడినవే.

ఇక మన ప్రస్తుతాంశము. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ ద్వీపములలో పోరాడిన అమెరికను సైనికులకు వేలకొలదిగా ఫైలేరియా సోకెను. దీనికి మందు వెదకగా, 1947లో సుబ్బారావుగారి శాఖవారు డైఎథిల్‌కార్బమజీన్ అను దానిని ప్రకటించిరి. దానికే హెట్రజాన్ అని పేరు. బోదకాలునకు మూలమైన పురుగుల పిల్లలను రక్తమునుండి తొలగించుటలో అది సమర్థమయ్యెను.

ఈ పురుగులకును ఆయాసమునకును సంబంధమేమి? దోమకాటుచే దేహమున చేరిన పురుగుల పిల్లలు కొందరి ఊపిరితిత్తులలో చిక్కుకొనును. శరీరము వానిపై మితిమీరి తిరుగబడును. రక్తమున ఇయోసినోఫిల్ కణములు మిక్కుటముగా పెరుగును. రాత్రివేళ దగ్గును, పిల్లికూతలును, ఆయాసమును కలుగును. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము మిషను క్షయవైద్యశాలలో డాక్టరు ఫ్రిమొట్ మొల్లరుగారు, డాక్టరు బార్టనుగారు క్షయవలె కనబడుచు క్షయ కాని యీ వ్యాధిని 1940లో వర్ణించిరి. 1943లో దీనికి ఉష్ణమండల ఇయోసినోఫిలియా యని పేరు వచ్చెను. ఆనాటి చికిత్స పాషాణసంబంధమైన మందులే. 1950వ దశకమున హెట్రజాన్ దీనిని కుదుర్చునని తేలెను. నేడును వైద్యులు సాధారణముగా మూడు వారములు ఈ మందునే ఇత్తురు. చికిత్స చేయక యుపేక్షించినచో ఊపిరితిత్తులు గట్టిపడి శాశ్వతమైన చెరుపు కలుగవచ్చును.

ఈ ఫలమును సుబ్బారావుగారు చూడలేదు. 1948 ఆగస్టు నెలలో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, అమెరికాలో నిదురలోనే కన్నుమూసిరి. అమెరికా పౌరసత్వమును వారెన్నడును స్వీకరింపలేదు. 1995లో శతజయంతి సందర్భమున భారతప్రభుత్వము వారి పేర తపాలాబిళ్ళను వెలువరించెను.

వారి మందు మన గడపలకును వచ్చినది. పూర్వపు కరీంనగరము జిల్లా బోదకాలు గల ప్రాంతములలో చేరినది. 2004నుండి దేశమున ఇట్టి జిల్లాలలో డి.ఇ.సి. మాత్రలను ఉచితముగా పంచిరి. బోదకాలు నిర్మూలనకై ప్రపంచారోగ్యసంస్థద్వారా పలుదేశములకు ఉచితముగా పోవు ఈ మాత్రలు మన విశాఖపట్టణమందే తయారగుచుండుట మనకు గర్వకారణము.

విద్యార్థులారా, ఒక్క మాట. ప్రతి యాయాసమునకు ఈ మాత్ర మందు కాదు. నిజమైన ఉబ్బసమునకు పీల్చుకొనెడి మందులే ముఖ్యము. వానిని మధ్యలో మానరాదు. జన ఔషధి కేంద్రములలో మందులు తక్కువ వెలకు దొరకును. మీ యింట ఎవరైనను రాత్రులు కూర్చుండి దగ్గుచున్నచో, మొదట ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తోడ్కొనిపోయి రక్తపరీక్ష, కఫపరీక్ష చేయింపుడు. రోగమేదో తెలిసినగాని మందు తెలియదు. తన సోదరుల రోగమునకు మందు లేక దుఃఖించిన యొక యువకుడు ఎందరి సోదరులకో మందునొసగెను. ఉన్న మందును మన యింటివారికి అందించుటైనను మనము చేయవలదా?