రామదాసు బాకీ, సర్కారు తలంబ్రాలు

ఈ వారం వీడియోలో భద్రాచల రామదాసు గారి కథ చెప్పుకున్నాం కదా. వీడియోలో పట్టని సంగతులు కొన్ని మిగిలిపోయాయి. అవి ఇక్కడ రాస్తున్నా.

మొన్న శ్రీరామనవమికి మారేడ్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చిన్న పందిరి వేశాం. పానకం, వడపప్పు పంచుతూ టీవీలో భద్రాచలం కల్యాణం లైవ్ పెట్టాం. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు తలమీద పెట్టుకుని తీసుకొస్తున్నారు. పక్క ఫ్లాట్ పిల్లాడు, ఎనిమిదో క్లాసు, దేవుడి పెళ్ళికి గవర్నమెంట్ ఎందుకు కట్నాలు తెస్తుందని అడిగాడు. సంప్రదాయంరా అని తప్పించుకున్నా. నిజం చెప్పాలంటే ఆ సంప్రదాయం వెనక ఉన్నది ఒక బాకీ కేసు.

కంచర్ల గోపన్న పదిహేడో శతాబ్దం మనిషి. ఊరు ఇప్పటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లి. తల్లి కామాంబ, తండ్రి లింగన్న. మేనమామలు అక్కన్న, మాదన్న. 1672లో అబుల్ హసన్ కుతుబ్‌షా, అంటే మనం తానీషా అని పిలుచుకునే ఆయన, గోల్కొండ గద్దె ఎక్కాడు. కొద్దికాలానికే మాదన్న ఆయనకి ప్రధానమంత్రి అయ్యాడు. అక్కన్నది కూడా పెద్ద హోదాయే. పాతబస్తీలో బోనాలప్పుడు ఏనుగు మీద ఘటం బయల్దేరే అక్కన్న మాదన్న గుడి పేరు వీళ్ళదే. మేనమామల మాట సాయంతో గోపన్నకి పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. ఇప్పటి భాషలో రెఫరల్ అనుకోండి.

తహసీల్దారు పని శిస్తు వసూలు చేసి గోల్కొండ ఖజానాకి పంపడం. ఆయన పరగణాలోనే, గోదావరి ఒడ్డున భద్రగిరి మీద, పోకల దమ్మక్క అనే భక్తురాలు పందిరి కింద సీతారాములని పూజించుకుంటోందని స్థలపురాణం. గోపన్న ఆ స్వామికి గుడి కట్టాలనుకున్నాడు. చందాలు పోగుచేశాడు, చాలలేదు. శిస్తు సొమ్ము తీసి ఖర్చుపెట్టేశాడు. జనం నోట నిలిచిన లెక్క ఆరు లక్షలు.

మనం భక్తులం కాబట్టి ఇక్కడ కాస్త తొందరగా ముందుకెళ్ళిపోతాం. నాకు మాత్రం ఇక్కడే ఆగాలనిపిస్తుంది. అది రైతులు కట్టిన డబ్బు. పై అధికారుల అనుమతి లేకుండా ఒక ఆఫీసరు వాడేశాడు. ఇవాళైనా సస్పెన్షన్, ఎంక్వైరీ తప్పవు. రాజు ఆయన్ని గోల్కొండ కోటలో జైల్లో పెట్టించాడు. ఇప్పుడు కోటకి వెళ్తే రామదాసు బందిఖానా అని చూపిస్తారు. గోడమీద దేవుళ్ళ బొమ్మలు ఆయన చెక్కినవే అంటారు.

ఆ జైల్లో ఆయన పాడిన కీర్తనలు మన ఇళ్ళల్లో ఇప్పటికీ పాడతారు. వాటిలో ఒకటి నాకు ప్రత్యేకం. అందులో ఆయన రాముడికి లెక్క అప్పజెప్తాడు. ప్రాకారానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత, శత్రుఘ్నుడి బంగారు మొలతాడుకి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత. ఒక్కోదానికి పదివేలు. ఇన్ని పెట్టుకుని ఊరేగుతున్నావు, ఇదంతా ఎవరి సొమ్మనుకున్నావు అన్న ధోరణిలో నిలదీస్తాడు. చివర్లో దెబ్బలు తట్టుకోలేక తిట్టానని క్షమించమంటాడు. ఆయన ఖర్చు దాచలేదు, ఐటమ్ వారీగా చెప్పేశాడు. దాశరథీ శతకం రాసిన కవి కూడా ఈయనే.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిన కథే. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో అర్ధరాత్రి తానీషా దగ్గరికి వెళ్ళి, ఆరు లక్షల రామటంకాలు కట్టి, రసీదు తీసుకున్నారు. తెల్లారేసరికి రాజు పరుగున వచ్చి గోపన్నని విడిపించాడు. ఏటా కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ అలా మొదలైందని, ఆసఫ్‌జాహీలు కూడా దాన్ని కొనసాగించారని చెప్తారు. ఆ పిల్లాడి ప్రశ్నకి జవాబు ఇది. తలంబ్రాల్లో బుక్కా గులాలు కలపడం కూడా గోల్కొండ అలవాటే అంటారు.

ఒక ఇంజినీర్ బుద్ధి లెక్క చెప్పనివ్వండి. జైలు పన్నెండేళ్ళంటారు. తానీషా పాలన మొత్తం 1672 నుంచి 1687 దాకా, పదిహేనేళ్ళు. మిగిలిన మూడేళ్ళలో ఉద్యోగం రావడం, గుడి లేవడం, విడుదల అన్నీ పట్టాలి. చాలా ఇరుకు. కబీరు వచ్చి ఉపదేశం ఇచ్చాడనే భాగం కూడా అంతే, ఆ కబీరు అంతకు శతాబ్దం పైగా ముందువాడు. కథ మీద నా ప్రేమ దీంతో తగ్గలేదు. తేదీలు వేరు, భక్తి వేరు.

కానీ తేదీలు ఒక మేలు చేశాయి. 2006లో శ్రీరామదాసు సినిమా చూసినప్పుడు నేను స్కూల్లో ఉన్నా. నా బుర్రలో మిగిలింది ముస్లిం రాజు, హిందూ భక్తుడు అనే రెండు పాత్రలే. ఇప్పటికీ ఎన్నికలొస్తే ఈ కథని అలాగే రెండు ముక్కలు చేసి వాడతారు. ఇంకో వర్గం పూర్తిగా తిప్పేసి, గంగా జమునా స్నేహం కథగా మాత్రమే చెప్తుంది. మరి జైలు సంగతి? కథ నిజమైతే, గోపన్న లోపలున్నప్పుడు ఆ రాజ్యంలో ప్రధానమంత్రి ఆయన సొంత మేనమామ. ఆయనా విడిపించలేకపోయాడు, ఎందుకంటే గొడవ ఖజానాది. పైగా ఔరంగజేబు తానీషా మీద మోపిన నేరాల్లో ఒకటి, ఈ అన్నదమ్ములకి అధికారం అప్పగించాడని. 1686లో అక్కన్న, మాదన్నలని గోల్కొండలోనే చంపేశారు. మరుసటి ఏడాది కోట పడింది. తానీషా దౌలతాబాద్ కోటలో బందీగా పోయాడు.

గోపన్న గుడి మాత్రం సరిహద్దులు మారుతూనే ఉంది. 1860లో నిజాం ఆ ప్రాంతాన్ని బ్రిటిష్‌వాళ్ళకి ఇచ్చేశాడు. తర్వాత గోదావరి జిల్లాలో ఉంది. 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం ఎవరిదని పెద్ద వాదన. 1959 దాకా మా జిల్లాలోదే అని ఆ వైపు, గోల్కొండ తహసీల్దారు కట్టిన గుడి అని ఈ వైపు. చివరికి పోలవరం ముంపు కారణంగా చుట్టూ ఉన్న మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి, భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండిపోయింది. స్వామి పొలాలు దాదాపు 900 ఎకరాలు పురుషోత్తపట్నంలో, అంటే అవతలి రాష్ట్రంలో. అక్కడ ఆక్రమణల గొడవలు తెగలేదు. ఎటపాక, పురుషోత్తపట్నంతో కలిపి ఐదు పంచాయతీలు వెనక్కిమ్మని తెలంగాణ అడుగుతూనే ఉంది. నవమికి ఆంధ్ర ప్రభుత్వం 2015 నుంచి కడప జిల్లా ఒంటిమిట్ట రాముడికి లాంఛనాలు ఇస్తోంది. ఒక్క రాముడికి రెండు సర్కారీ పెళ్ళిళ్ళన్నమాట.

మా అమ్మమ్మ వాళ్ళది కూనవరం. ఇల్లు కదల్లేదు, రేషన్ కార్డు మీద రాష్ట్రం మారిపోయింది. ప్రాజెక్టు నిండితే ఆ ఇల్లు కూడా ఉండదు. పరిహారం లెక్క కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంది. ఎవరి సొమ్ము, ఎవరి అనుమతి అనే మాటలు ఆ ఇంట్లో రోజూ వినిపిస్తాయి. రామదాసు లెక్క అప్పజెప్పే ఆ కీర్తన ఆమె పాడుతుంటే చిన్నప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఫోన్లో రికార్డ్ చేసుకున్నా, వచ్చే వీడియోలో వినిపిస్తా.

ఈసారి ముక్కోటి తెప్పోత్సవానికి మణుగూరు ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్నా. అమ్మమ్మ అవతలి రాష్ట్రం నుంచి ఎటపాక మీదుగా వస్తానంది. నవమికి ఆర్టీసీ కార్గోలో తెప్పించిన తలంబ్రాల ప్యాకెట్ ఇంకా దేవుడి గదిలోనే ఉంది, ఆమె వాటా అందులో తీసి పెట్టా.

జై సీతారామ్.