గుడారమే గురుకులం.. సురభి గోవిందరావు నాటక విద్య

తెల్లాపూర్: పాఠశాలలో నాటకం నేర్పే గురువు కావాలంటే నేడు విశ్వవిద్యాలయంలో చేరాలి. తెల్లాపూర్ వాసులకు ఆ చదువు పొరుగునే ఉంది. నల్లగండ్ల దాటితే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. 1988లో అక్కడ ఏర్పడిన సరోజినీ నాయుడు స్కూల్‌లో రంగస్థల కళలకు ప్రత్యేక విభాగమే ఉంది. శేరిలింగంపల్లి వైపు మళ్లితే సురభి కాలనీ వస్తుంది. అక్కడి కుటుంబాలు ఏ పట్టా లేకుండానే తరతరాలుగా పిల్లలకు నాటకం నేర్పుతూ వచ్చాయి. ఆ బోధనకు ఆద్యుడు వనారస గోవిందరావు.

గోవిందరావు పూర్వీకులు మహారాష్ట్ర ప్రాంతం నుంచి వలస వచ్చి, తోలుబొమ్మలాటతో జీవనం సాగించినవారు. తెర వెనుక బొమ్మను ఆడిస్తూ, పద్యం పాడుతూ, పాత్రకు గొంతునివ్వడం ఆ ఇళ్లలో పసితనం నుంచే అలవడే విద్య. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో జరిగిన ఒక వివాహ వేడుకలో బొమ్మలకు బదులు మనుషులే వేషాలు కట్టి ‘కీచక వధ’ ప్రదర్శించారు. ఆ ఊరి పేరే సమాజానికి పేరైంది. కాలక్రమేణా కళాకారుల ఇంటిపేరుగానూ స్థిరపడింది.

ఆ రోజుల్లో స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. గౌరవ కుటుంబాల స్త్రీ రంగస్థలం ఎక్కడమంటే లోకం వేలెత్తి చూపేది. గోవిందరావు తమ కుటుంబ స్త్రీలనే రంగస్థలంపైకి తెచ్చారు. నాటకాన్ని సంస్కరించాలని పట్టణాల్లో విద్యావంతులు తర్జనభర్జనలు పడుతున్న కాలంలో, బడి చదువు అంతంతమాత్రమైన ఒక సంచార కుటుంబం ఆ పని చేసి చూపడం గమనార్హం. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ కుటుంబాల బిడ్డే. తల్లి దమయంతి వేషంలో ఉండగా రంగస్థలం మీదనే ఆమె జన్మించిందని చెబుతారు.

సురభిలో శిక్షణకు వేళలు లేవు, పాఠ్యపుస్తకాలు లేవు. నడక వచ్చిన బిడ్డకు బాలకృష్ణుడి వేషం, మాట తిరిగితే ప్రహ్లాదుడు, కాస్త ఎదిగితే లవకుశులు. మీసకట్టు వచ్చేసరికి హార్మోనియమో తబలానో చేతికి వచ్చేది. తెరలకు రంగులు అద్దడం, మాయలకు తీగలు బిగించడం, దీపాలు సర్దడం అందరి పనీ. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు గాలిలో తేలినా, మంటలు లేచినా, వాన కురిసినా ఆ కిటుకు ఇంటిలోని పిల్లలందరికీ తెలిసే ఉంటుంది. నేడు విశ్వవిద్యాలయాలు నటన, రంగాలంకరణ, దీపనం అంటూ విడదీసి చెప్పే పాఠాలను అక్కడ ఒకే గుడారం కింద, ఒకే బిడ్డ నేర్చుకునేవాడు.

గోవిందరావు చూపు తన గుడారానికే పరిమితం కాలేదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు స్థాపనకు చొరవ చూపిన వారిలో ఆయన ముఖ్యులు. సంతానం పెరిగి, పెళ్లిళ్లయి, కుటుంబాలు వేరుపడిన కొద్దీ కొత్త నాటక సమాజాలు పుట్టుకొచ్చాయి. ఒక దశలో వాటి సంఖ్య 36కు చేరినట్లు చెబుతారు. సినిమా, ఆపై టెలివిజన్ రావడంతో ఆ గుడారాలు ఒక్కొక్కటిగా లేచిపోయాయి. ఊరూరా తిరిగే బతుకులో పిల్లల బడి చదువు నిలకడగా సాగలేదు. ఆటకు జనం తగ్గిన నాడు చేతిలో విద్య ఉన్నా, దానిని రుజువు చేసే కాగితం లేకపోయింది. గోవిందరావు పద్ధతిలోని లోటు ఇదేనని ఒప్పుకోక తప్పదు.

ఈ రెండు చదువులూ ఒక్కచోట కలిసిన సందర్భం ఆయన తరం గడిచిన చాలా కాలానికి, 1990లలో వచ్చింది. ప్రఖ్యాత కన్నడ దర్శకుడు బి.వి.కారంత్ సురభి కళాకారులతో ‘భీష్మ’, ‘చండీప్రియ’, బ్రెహ్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ రూపొందించారు. కారంత్ బాల్యంలో గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో పెరిగినవారు. ఆ వీరణ్ణే ఆయనను ఎం.ఏ. చదువుకు కాశీకి పంపారు. జాతీయ నాటక పాఠశాల పట్టా పొందిన కారంత్ ఢిల్లీలోని ఒక పాఠశాలలో నాటక బోధకుడిగానూ పనిచేశారు. కంపెనీ నాటకాన్నీ, కళాశాల నాటకాన్నీ ఎరిగిన ఆ దర్శకుడు సురభి నటులకు ఓనమాలు దిద్దించవలసిన అవసరం కలగలేదు. పద్యం, తాళం, అభినయం వారికి ముందే వచ్చు. కొత్త ఇతివృత్తాన్ని, కొత్త రంగశైలిని జోడించడమే మిగిలింది.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి వరకు సంగీతం, నృత్యం, చిత్రకళలతో పాటు నాటకాన్నీ బోధించాలని సూచించింది. అందుకు గురువులు కావాలి. ఉద్యోగ ప్రకటన ఏదైనా ముందు అడిగేది పట్టానే. గోవిందరావు వారసుల ఇళ్లలో పిల్లలు వేషం కట్టడంతో పాటు కళాశాల మెట్లూ ఎక్కుతున్నారు.