ఇన్సులిన్ ప్రదాత ఫ్రెడరిక్ బాంటింగ్

నవంబరు 14వ తేదీ మన పాఠశాలలలో బాలల దినోత్సవము. ఆ తేదీనాడే 1891వ సంవత్సరమున, కెనడా దేశమందు ఆంటారియో రాష్ట్రములోని ఆలిస్టన్ అను చిన్న ఊరి దాపున, ఒక రైతు ఇంట ఫ్రెడరిక్ గ్రాంట్ బాంటింగ్ జన్మించెను. అతని జన్మదినమునే 1991 నుండి ప్రపంచ మధుమేహ దినముగ పాటించుచున్నారు. మన పిల్లలు మిఠాయిలు పంచుకొను దినముననే చక్కెర వ్యాధిని గూర్చి తలంచుకొనవలసి వచ్చుట వింతగనే ఉన్నది. ఆ వింత వెనుకనున్న జీవితమును విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలుపవలెనని మా కోరిక.

మధుమేహము మన పూర్వులెరిగిన వ్యాధియే. ఆ పేరు ప్రాచీన ఆయుర్వేద గ్రంథములలోనే కలదు. కాని పసివారికి వచ్చు తీవ్రమైన మధుమేహమునకు 1922 వరకు ఏ దేశమునందును మందు లేదు. అన్నము మాన్పించి, అస్థిపంజరమువలె చిక్కిపోయిన బిడ్డను మరికొన్ని నెలలు బ్రతికించుటయే నాటి ఉత్తమ చికిత్స. ఆకలియని ఏడ్చు బిడ్డకు అన్నము పెట్టకుండుటయే తల్లి చేయగల మేలు. ఇంతకన్న క్రూరమైన వైద్యము మరొకటి ఉండునా?

క్లోమగ్రంథిని తీసివేసిన కుక్కకు మధుమేహము వచ్చునని 1889లో జర్మనీ వైద్యులు మింకోవ్‌స్కీ, మేరింగ్ కనుగొనిరి. ఆ గ్రంథిలో అక్కడక్కడ విడివిడిగ నుండు కణముల గుంపులను అంతకు ఇరువది ఏండ్లకు ముందే లాంగర్‌హాన్స్ అను విద్యార్థి చూచియుండెను. గోదావరి నడుమ లంకలున్నట్లు అవి గ్రంథి నడుమ నుండును. లాటిను భాషలో లంకకు ఇన్సులా అని పేరు. ఇన్సులిన్ అను పేరు అందుండియే పుట్టినది. లంకలలో ఏదో రసము ఊరుచున్నదని పలువురు ఊహించిరి. దానిని పాడుగాకుండ వెలికి తీయుట మాత్రము ఎవరికిని సాధ్యము కాలేదు. గ్రంథిని నూరినప్పుడు అందులోని జీర్ణరసము ఆ లంకల రసమును తినివేయుచున్నదని పలువురి అనుమానము.

బాంటింగ్ బాల్యమున తెలివిగల విద్యార్థియని పేరుపొందినవాడు కాడు. టొరాంటోలో కళాశాలలో చేరిన మొదటి సంవత్సరము పరీక్ష తప్పెను. పదములను తప్పులతో వ్రాయు అలవాటు అతనిని జీవితాంతము వదలలేదు. 1912లో వైద్యవిద్యలో చేరి, 1916లో పట్టము పొంది, యుద్ధమునకు వెళ్లెను. 1918లో ఫ్రాన్సులోని కాంబ్రే వద్ద ఫిరంగిగుండు తునక చేతిని చీల్చినను, మానక ఇతర క్షతగాత్రులకు చికిత్స చేసినందులకు మిలిటరీ క్రాస్ అను పతకము లభించినది. తిరిగివచ్చి 1920లో ఆంటారియోలోని లండన్ అను పట్టణమున వైద్యశాల తెరచెను. మొదటి నెలలో వచ్చిన రాబడి నాలుగు డాలర్లు!

జరుగుబాటుకై అతడు అచ్చటి వైద్యకళాశాలలో పాఠములు చెప్పవలసివచ్చెను. 1920 అక్టోబరు 30వ తేదీ రాత్రి, పిండిపదార్థములు శరీరములో మారు విధమును గూర్చిన పాఠము సిద్ధపరచుకొని, ఒక వైద్యపత్రికలోని వ్యాసము చదివి పడుకొనెను. నాళము రాయితో మూసుకొనిపోయిన ఒక క్లోమగ్రంథిలో జీర్ణరసము నిచ్చు కణములు నశించినను లంకలు మాత్రము చెడలేదని ఆ వ్యాసమున ఉండెను. నడిరేయి దాటిన పిమ్మట బాంటింగ్ లేచి, కుక్కల క్లోమనాళమును కట్టివేసి, ఆ కణములు నశించిన పిదప లంకల రసమును తీయవలెనని పుస్తకములో గురుతు వ్రాసికొనెను. ఆ గురుతులో మధుమేహమను మాటయే తప్పుగ వ్రాయబడియుండుట చూచి మన విద్యార్థులు కొంత ఊరట చెందవచ్చును!

టొరాంటో విశ్వవిద్యాలయమున ఆచార్యుడు మాక్లియాడ్ మొదట సందేహించినను, ప్రయోగశాలలో చోటును, కుక్కలను, ఒక సహాయకుని ఇచ్చెను. ఇద్దరు విద్యార్థులలో మొదటి వంతు ఎవరిదని నాణెము ఎగురవేయగా, అది 22 ఏండ్ల చార్లెస్ బెస్ట్‌కు వచ్చెను. 1921 మే 17న పని ప్రారంభమైనది. శస్త్రక్రియ బాంటింగ్‌ది, రక్తములోని చక్కెరను కొలుచుట బెస్ట్ పని. ఈ కొలుచుటను గూర్చి కొంత చెప్పవలెను. పూర్వము ఒక్కసారి కొలుచుటకే చాల రక్తము తీయవలసియుండెను. గంటగంటకు అంత రక్తము తీసినచో ఏ ప్రాణి బ్రతుకును? 1910 తరువాతనే కొద్దిపాటి రక్తముతో పని జరుగు పద్ధతులు వచ్చినవి. అందులో ఒకటి పిక్రిక్ ఆమ్లముతో కాచిన రక్తద్రవము ఎంత ఎరుపెక్కినదో, తెలిసిన ద్రవము రంగుతో పోల్చి చూచుట. ఈ సాధనమే లేనిచో మందు చేతిలో నున్నను, అది పనిచేసినదని బాంటింగ్‌కు తెలిసియుండెడిది కాదని మా అభిప్రాయము.

జూలై 30న ఒక కుక్కకు రసమెక్కించగా, 100 ఘన సెంటీమీటర్ల రక్తములోని చక్కెర ఒక గంటలో 200 మిల్లీగ్రాముల నుండి 120కి దిగెను. మరునాటికే ఆ కుక్క చనిపోయెను. ఎన్నో కుక్కలు అట్లే పోయినవి. మార్జొరీ అనునది మాత్రము క్లోమగ్రంథి లేకయే సుమారు డెబ్బది దినములు బ్రతికెను. బాంటింగ్ ఈ కుక్కలను ప్రేమించినవాడు. ఆ ప్రాణుల ఋణమును మనమును మరువరాదు. పిదప నాళము కట్టుట అనవసరమని, కబేళా నుండి తెచ్చిన పశువుల గ్రంథులనుండియే ఆల్కహాలుతో రసము తీయవచ్చునని తేలినది. అర్ధరాత్రి పుట్టిన ఊహ సరియైనది కాకపోయినను, సరియైన వాకిటికి చేర్చినది.

1922 జనవరి 11న టొరాంటో ఆసుపత్రిలో పదునాలుగేండ్ల లెనార్డ్ థాంప్సన్‌కు ఆ రసము ఇచ్చిరి. ఆ బాలుని బరువు 65 పౌనులే. చక్కెర 440 నుండి 320కి మాత్రమే దిగెను; సూది గుచ్చిన చోట గడ్డ లేచెను. నిలిపివేసిరి. అప్పటికే బృందములో చేరిన రసాయనవేత్త కాలిప్, ఆల్కహాలు పాళ్లను మార్చి మార్చి రసమును శుద్ధి చేసెను. జనవరి 23న దానిని ఇవ్వగా, ఒక్క దినములో చక్కెర 520 నుండి 120కి వచ్చెను. బాలుడు కళకళలాడెను; పదమూడేండ్లు అధికముగ బ్రతికెను. అయితే కొద్దివారములకే కాలిప్ చేతిలోనే పద్ధతి తప్పి, మందు తయారగుట ఆగిపోయెను. మందున్నదని విని వచ్చిన తల్లిదండ్రులకు లేదని చెప్పవలసిన దినములవి. తిరిగి పద్ధతి దొరకి, అమెరికాలోని ఈలై లిల్లీ సంస్థ తోడ్పడిన మీదట కొరత తీరినది. ఆ ఆగస్టులో 45 పౌనుల బరువుతో వచ్చిన ఎలిజబెత్ హ్యూస్ అను బాలిక 1981 వరకు జీవించెను.

బాంటింగ్ కోపిష్ఠి. తన కీర్తిని మాక్లియాడ్ అపహరించుచున్నాడని తలచి, కాలిప్‌తో కలహించి, మిత్రులను నొప్పించెను. మాక్లియాడ్ యెడల అతడు న్యాయముగ ప్రవర్తించలేదనియే మేము తలంతుము. 1923లో నోబెల్ బహుమతి ఆ ఇరువురికి రాగా, బాంటింగ్ తన ధనములో సగము బెస్ట్‌కు పంచెను; మాక్లియాడ్ కాలిప్‌కు పంచెను. రుమేనియాలో 1921లోనే ఇట్టి ఫలితములు ప్రకటించిన పౌలెస్కూకు ఏమియు దక్కలేదు. వైద్యశాస్త్రమున నోబెల్ పొందినవారిలో అతి పిన్నవాడు నేటికిని బాంటింగే. మందుపై హక్కును బాంటింగ్, బెస్ట్, కాలిప్ ముగ్గురును తలకొక డాలరుకు విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి. లక్షలు రాగల హక్కది.

ఇన్సులిన్ వ్యాధిని పోగొట్టునది కాదు, దినదినము ఇచ్చుకొనవలసినది. ఎక్కువైనచో చక్కెర పడిపోయి స్పృహ తప్పును. కావున బెస్ట్ చేసిన కొలత నేడు ప్రతి రోగి ఇంటి పనియైనది. 1962లో క్లార్క్, లయన్స్ అనువారు ఎంజైము తొడుగు గల విద్యుదగ్రముతో గ్లూకోజును కొలుచు మార్గము చూపిరి. పిదప రక్తపు చుక్కతో కొలుచు పట్టీలును, చర్మము క్రింద నిలుచు తీగలును వచ్చినవి. ఇప్పుడు పరిశోధకులు సూక్ష్మసూదుల పట్టీలను రూపొందించుచున్నారు. చిన్న బిళ్లపై మిల్లీమీటరుకు లోబడిన సూదులు అనేకముండును. అవి చర్మపు పైపొరను దాటి, కణముల నడుమనున్న నీటిని అందుకొనవలెను. నొప్పిని తెలుపు లోతైన నాడులను తాకరాదు. సన్నగా చేసిన విరుగును, లావుగా చేసిన నొచ్చును. పైగా ఆ నీటిలోని చక్కెర రక్తములోని దానికన్న కొన్ని నిమిషములు వెనుకబడి నడచును. దినమునకు ఇన్నిమార్లు వ్రేలు గుచ్చుకొను పసివానికి ఆ నిమిషములును, ఆ నొప్పియు చిన్నవి కావు. ఈ పట్టీలు చాలవరకు ఇంకను ప్రయోగశాలలలోనే ఉన్నవి.

బాంటింగ్ 1934లో సర్ బిరుదు పొందెను. చిత్రకారుడు జాక్సన్‌తో కలిసి మంచుదేశములకు పోయి బొమ్మలు వేసెను. రెండవ ప్రపంచయుద్ధమున విమానచోదకుల ఆరోగ్యమునకై పరిశోధనలు నడపెను. 1941 ఫిబ్రవరిలో ఇంగ్లండునకు పోవుచుండగా న్యూఫౌండ్‌లాండ్ మంచులో విమానము కూలినది. చోదకుడొక్కడే బ్రతికెను. మరునాడు, 21వ తేదీన, బాంటింగ్ కన్ను మూసెను. అప్పటికతనికి 49 ఏండ్లు. అతడు ఆ రాత్రి లేచి గురుతు వ్రాసికొనిన లండన్ పట్టణపు ఇంటిని నేడు ప్రదర్శనశాలగ కాపాడుచున్నారు.