హిమవత్పథికుడు ప్రణవానందస్వామి

వైశాఖమాసపు ఎండలో ఓరుగల్లు కోటలోని కీర్తితోరణాల చెంత నిలిచినవారికి మంచు అనేది చిత్రపటాలలో చూసినదే తప్ప అనుభవంలో ఉన్నది కాదు. వరంగల్ నగరం సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంది. కైలాస పర్వత ప్రదక్షిణ మార్గంలోని డోల్మా కనుమ 5,600 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. ఈ రెంటి నడుమ ఉన్న భేదం కేవలం దూరానికి సంబంధించినది కాదు. అక్కడి గాలి వేరు, చలి వేరు, నడక వేరు. మైదానంలో పుట్టి పెరిగినవాడు తొలిసారిగా మంచుకొండలకు పోదలచినప్పుడు కాళ్ళలో బలం, మనసులో భక్తి ఉన్నంతమాత్రాన చాలదు. ఆ కొండను గురించి ముందుగా తెలుసుకోవాలి; అందుకు తగినట్లు సిద్ధపడాలి. ఈ సత్యాన్ని తన దేహంమీదనే పరీక్షించుకొని, తరువాతివారికి దారి చూపిన తెలుగువారు ప్రణవానందస్వామి.

ప్రణవానందస్వామి 1896లో తూర్పుగోదావరి సీమలో జన్మించారు. పూర్వాశ్రమంలో ఆయన పేరు కనకదండి వేంకట సోమయాజులు. ఉన్నతవిద్యకై దూరదేశమైన లాహోరుకు వెళ్ళి, అక్కడి డి.ఎ.వి. కళాశాలలో పట్టభద్రులయ్యారు. ఆ నగరంలోనే రైల్వే అకౌంట్స్ కార్యాలయంలో ఉద్యోగం సంపాదించారు. జీవితం ఒక దారిన పడిందనుకొనే సమయానికి దేశంలో సహాయనిరాకరణోద్యమం సాగుతున్నది. సోమయాజులు ఉద్యోగాన్ని విడిచి స్వదేశసేవకు పూనుకున్నారు. పశ్చిమగోదావరి ప్రాంతంలో 1926 వరకు కాంగ్రెస్ కార్యకర్తగా పనిచేశారు. అటుపిమ్మట ఆయన మనసు ఆధ్యాత్మిక మార్గంవైపు మరలింది. జ్ఞానానందస్వామిని గురువుగా స్వీకరించి ప్రణవానందులయ్యారు. అదే 1896లో జన్మించి, వంగదేశంలో భారత సేవాశ్రమ సంఘాన్ని స్థాపించిన ప్రణవానందస్వామి మరొకరు ఉన్నారు. పేరు ఒకటే కావడం వలన ఈ ఇద్దరినీ ఒకరిగా భావించడం పొరపాటు.

గోదావరీ తీరంలో పెరిగిన ఈ సన్న్యాసి 1928లో తొలిసారిగా కైలాస మానససరోవర యాత్రకు బయలుదేరారు. కాశ్మీరంలోని శ్రీనగర్ నుండి లడఖ్ మీదుగా పడమటి టిబెట్టులోని గార్టోక్ చేరి, అక్కడి నుండి కైలాసాన్ని దర్శించారు. తిరుగుప్రయాణంలో నీతి కనుమ మీదుగా గఢ్వాల్‌లో దిగారు. వాహనాలు పోవడానికి వీలులేని దారులవి. మజిలీకీ మజిలీకీ నడుమ దినాల తరబడి జనసంచారం ఉండదు. దారిలో జబ్బుపడితే ఆదుకొనే వైద్యుడు లేడు. ఆ కాలంలో కైలాసయాత్రకు వెళ్ళేవారు బంధుమిత్రుల వద్ద కడసారి సెలవు తీసుకొన్నట్లుగానే బయలుదేరేవారు. తిరిగిరావడం దైవాధీనమని భావించేవారు.

ఎత్తయిన ప్రదేశాలలో మనిషికి కలిగే కష్టానికి కారణం ఏమిటి? పైకి పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. 5,000 మీటర్లు దాటినచోట గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే. ఒక్కొక్క ఊపిరిలోనూ దేహానికి అందే ప్రాణవాయువు ఆ మేరకే తగ్గుతుంది. తలనొప్పి, వాంతి, నిద్రలేమి, పదడుగులకే ఆయాసం మొదలైనవి దీని ఫలితాలు. శరీరం కొత్త గాలికి అలవాటు పడడానికి కొన్ని దినాలు పడుతుంది. కనుక 3,000 మీటర్లు దాటిన తరువాత, రాత్రి బసచేసే చోటు ముందునాటి బసకంటె 500 మీటర్లకు మించిన ఎత్తులో ఉండరాదనీ, మూడునాలుగు దినాలకొకసారి విశ్రాంతి తీసుకోవాలనీ నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది. బాధ ఎక్కువైతే పైకి పోక కిందికి దిగడమే మందు. అల్మోరా నుండి కాలినడకన బయలుదేరే పూర్వపు యాత్రికులకు 3,000 మీటర్ల ఎత్తులోని గర్బ్యాంగ్ గ్రామం చేరడానికే చాలా దినాలు పట్టేది. ఆ నెమ్మదే, వారికి తెలియకుండానే, వారిని కాపాడింది.

ప్రణవానందస్వామి ఒక్క దర్శనంతో తృప్తిపడలేదు. 1935లో గంగోత్రి ప్రాంతం నుండి మరొక కనుమ మీదుగా టిబెట్టులో ప్రవేశించారు. 1936లో అల్మోరా నుండి లిపులేఖ్ కనుమ దాటి వెళ్ళి, మానససరోవరపు దక్షిణ తీరంలోని థుగోల్హో బౌద్ధమఠంలో ఏడాదిపాటు నివసించారు. సరస్సు 4,500 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. యాత్రికులు వేసవిలో వచ్చి, స్నానం చేసి, చలి ముదరకముందే తిరిగిపోయే చోటది. స్వామి అక్కడ శీతకాలమంతా నిలిచారు. తొలిమంచు కురిసినది మొదలు, డిసెంబరు నెలాఖరుకు సరస్సు గడ్డకట్టడం, మే నెలలో అది తిరిగి కరగడం వరకు ప్రతి మార్పునూ గమనించారు. వేడిమిని కొలిచారు. మంచుపలకలు ఎప్పుడు చీలుతున్నవో, ఏ ధ్వనులు చేస్తున్నవో రాసిపెట్టుకున్నారు. ఇతరులు స్తోత్రం చేసి విడిచిన సరస్సును ఆయన స్తోత్రమూ చేశారు, పరిశీలనా చేశారు. భక్తికీ పరిశోధనకూ విరోధం లేదనడానికి ఆయన జీవితమే తార్కాణం.

ఈ అనుభవమంతా తనతోనే ముగిసిపోరాదని స్వామి భావించారు. ఆయన రచన ‘టిబెట్టులో అన్వేషణ’ను కలకత్తా విశ్వవిద్యాలయం 1939లో ఆంగ్లంలో ప్రచురించింది. 1949లో వెలువడిన ‘కైలాస మానససరోవరం’ అనే ఆంగ్ల గ్రంథానికి జవాహర్‌లాల్ నెహ్రూ ముందుమాట రాశారు. యాత్రికుల కోసం ప్రత్యేకంగా మార్గదర్శినిని కూడా ఆయన రచించారు. మజిలీల పేర్లు, వాటి మధ్య దూరాలు, బసకు అనువైన చోట్లు, వెంట ఉండవలసిన దుస్తులు, మందులు, సామగ్రి మొదలైన వివరాలను పట్టికలుగా కూర్చారు. ఒకప్పుడు రైల్వే లెక్కలు చూసిన చేయి మంచుదారుల లెక్కలను కూడా అంతే నిష్ఠతో రాసింది. సంసారి అయిన సామాన్యుడు సైతం ఇంటివద్దనే ఆ పట్టికలు చూసుకొని, తన శక్తి ఎంతో, తనకు కావలసినది ఏమిటో నిర్ణయించుకొనే వీలు కలిగింది.

యాత్రాకాలం ఆరంభంలో ఈ సిద్ధపాటు మరింత అవసరం. సుమారు 5,100 మీటర్ల ఎత్తులో ఉన్న లిపులేఖ్ కనుమపై జ్యేష్ఠమాసంలో కూడా మంచు కరగక నిలిచి ఉండడం కద్దు. రాత్రి చలికి గట్టిపడిన మంచుపై నడక సులభం. పొద్దెక్కినకొద్దీ అది మెత్తబడి, కాలు మోకాలిలోతు దిగబడుతుంది. మధ్యాహ్నం దాటితే కనుమలపై గాలి విజృంభిస్తుంది. అందువలన తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదిరేలోగా కనుమ దాటడం క్షేమకరం. తెల్లని మంచుపైనుండి మరలిన ఎండ కంటిచూపును తాత్కాలికంగా పోగొట్టగలదు కాబట్టి నల్లకళ్ళద్దాలు తప్పనిసరి. తడిసిన మేజోళ్ళతో నడిస్తే కాలివేళ్ళు మొద్దుబారి చెడిపోతాయి కాబట్టి పొడిగా ఉన్న ఉన్ని మేజోళ్ళు మరొక జత ఉండాలి. మంచు కింద ఏమున్నదో పొడిచి చూసుకొనడానికి చేతికర్ర ఉండాలి. అన్నిటికీ మించి, ఆ దారిని ఏటేటా దాటే స్థానికుల మాటను మన్నించాలి. వాతావరణం అనుకూలించనప్పుడు వెనుదిరగడం పిరికితనం కాదు, వివేకం.

స్వామి పరిశోధనలలో నదుల జన్మస్థానాల అన్వేషణ ముఖ్యమైనది. కైలాస ప్రాంతంలో నాలుగు మహానదులు పుడుతున్నవని టిబెట్టువారి విశ్వాసం. సింధువును సింహముఖం నుండి, శతద్రువును గజముఖం నుండి, బ్రహ్మపుత్రను అశ్వముఖం నుండి, కర్ణాలిని మయూరముఖం నుండి వెలువడిన నదులుగా వారు చెప్పుకొంటారు. స్వామి ఈ స్థలాలకు స్వయంగా నడిచివెళ్ళి పరిశీలించారు. స్వీడన్ దేశపు అన్వేషకుడు స్వెన్ హెడిన్ అభిప్రాయంతో విభేదించి, బ్రహ్మపుత్ర జన్మస్థానం చెమయుంగ్‌డుంగ్ హిమానీనదమని ప్రతిపాదించారు. ఆయన కనుగొన్న విషయాలను భారత సర్వేక్షణ శాఖ 1941 నుండి తన పటాలలో చేర్చింది. 2011లో చైనా శాస్త్రజ్ఞులు ఉపగ్రహచిత్రాల సాయంతో ఆంగ్సీ హిమానీనదాన్ని బ్రహ్మపుత్ర జన్మస్థానంగా పేర్కొన్నారు. ఒక తరం కాలినడకన వేసిన బాటను తరువాతి తరం సరిదిద్దుకొంటూ పోవడమే విజ్ఞానం.

సిద్ధపడనివారిని పర్వతం ఏమి చేస్తుందో తెలిపే భయంకరమైన సాక్ష్యం గఢ్వాల్‌లోని రూప్‌కుండ్. సుమారు 5,000 మీటర్ల ఎత్తులోని ఈ చిన్న కొలను చుట్టూ వందలాది మనుషుల అస్థిపంజరాలు పడి ఉండడం 1942లో లోకానికి వెల్లడి అయింది. 1950వ దశకంలో ప్రణవానందస్వామి అక్కడికి వెళ్ళి ఎముకలను, ఇతర వస్తువులను సేకరించి పరిశీలించారు. నందాదేవి యాత్రకు వచ్చిన కనౌజు రాజపరివారం అక్కడ నశించిందని ఆయన అభిప్రాయపడ్డారు. హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పాల్గొన్న ఒక పరిశోధన, 38 మంది ఎముకలలోని డి.ఎన్.ఎ.ను పరీక్షించి 2019లో ఫలితాలను ప్రకటించింది. ఆ మృతులు ఒకే కాలానికి, ఒకే ప్రాంతానికి చెందినవారు కారనీ, వారి మరణాల నడుమ దాదాపు 1,000 సంవత్సరాల అంతరం ఉన్నదనీ తేలింది. స్వామి ఊహ పూర్తిగా నిలువలేదు. అయినా ఆ ఎముకలను ఉత్త అద్భుతంగా చూడక, ఇంటికి చేరని బాటసారుల కథగా చూసిన ఆయన దృష్టి గౌరవింపదగినది.

స్వామి కైలాసానికి ఇరవైకి పైగా ప్రదక్షిణలు చేశారు. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా గౌరవించింది. భారత ప్రభుత్వం 1976లో పద్మశ్రీ పురస్కారాన్ని ప్రదానం చేసింది. 1962 నాటి యుద్ధంతో మూతపడిన కైలాసయాత్ర 1981లో మరల ఆరంభం కావడాన్ని చూసే భాగ్యం ఆయనకు దక్కింది. 1989లో ఆయన కీర్తిశేషులయ్యారు.

కొండను జయించానని చెప్పుకొనేవారు పలువురు. కొండకు ఎలా నడవాలో, ఎలా తిరిగిరావాలో చెప్పినవారు కొందరే. ప్రణవానందస్వామి ఆ కొందరిలో ఒకరు. వెళ్ళిన ప్రతివాడూ క్షేమంగా ఇంటికి తిరిగిరావాలన్నదే ఆయన రాసిన ప్రతి పట్టిక వెనుక ఉన్న కోరిక. నేడు మన ప్రాంతపు యువతీయువకులు వేసవి సెలవులలో హిమాలయ పాదయాత్రలకు తరలుతున్నారు. వారి సంచులలో మంచి బూట్లు, వెచ్చని దుస్తులు ఉంటున్నవి. వాటితోపాటు ప్రణవానందుల ఓర్పూ వివేకమూ కూడ ఉన్ననాడే ఆ యాత్ర సఫలమవుతుంది.